సగం ఆముదం

పెడన,
1946 నవంబరు 12

చిరంజీవి మల్లేశ్వరరావును దీవించి అక్క వెంకటరావమ్మ రాస్తున్నది. మేమంతా తిని తిరుగుతున్నాం. నువ్వు ఉత్తరం రాసి నెల దాటింది కాబట్టి నువ్వు మాకంటే బాగా తిని తిరుగుతున్నావని అనుకుంటున్నాం.

అసలు సంగతి విను. మీ బావగారు వ్యాను కొన్నారు! చెప్పా పెట్టకుండా ఇంటి ముందు తెచ్చి నిలబెట్టేసరికి నేను నోరు వెళ్లబెట్టాను. యుద్ధం అయిపోయాక మిలటరీవాళ్లు వేలం వేసిన షెవర్లే బండి. చీరల మూటలు పడవ మీద బెజవాడ చేరేసరికి బేరాలు అయిపోతున్నాయని ఆయన బాధ. ఇప్పుడు తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నానికి వన్‌టౌన్ కొట్లలో మూటలు దింపుతున్నారు. డ్రైవరు పేరు లాజరు. బర్మాలో మిలటరీ లారీ తోలాడు. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తాడు, చుట్ట కూడా ముట్టడు. మా అత్తగారు అతనికి మజ్జిగ పెరట్లో వేరే గ్లాసులో పోస్తారు. అదే బండెక్కితే మాత్రం "లాజరూ, మెల్లగా పోనియ్యి నాయనా" అని బతిమాలుకుంటారు.

ఇక మీ బావగారు రాయమన్నది. ఈ బండికి బ్రేకుల్లో నూనె ఉంటుందట, అది కారిపోతున్నది. దానికి పోసే డబ్బా నూనె బెజవాడ అంతా తిరిగినా దొరకలేదు. ఒక కొట్టతను "ఇంజను ఆయిలు పోసెయ్యండి, ఏదైనా నూనే గదండీ" అన్నాడట. లాజరు వద్దంటున్నాడు. మగ్గానికి వేసే నూనె ఎందుకు పనికిరాదని మీ బావగారు అడుగుతున్నారు. బెంగుళూరు మిలటరీ వర్క్‌షాపులో నువ్వు రోజూ చేసే పని ఇదే గనక నువ్వెలా చెబితే అలా. నీ జవాబు వచ్చేదాకా బండి కదలదు.

ఇది నా మాట. మా ఆడపడుచు పద్మావతిని నీకిద్దామని మీ బావగారికి ఉంది. అత్తగారే తేల్చడం లేదు. "మిలటరీలో అందరూ తాగుతారటగా" అని ఇప్పటికి పదిసార్లు అన్నారు. నీ ఉత్తరాలు మధ్యాహ్నం మగ్గాలు ఆగాక వసారాలో నేనే పైకి చదువుతానని నీకు తెలుసు. మీ బావగారికి చూపు మసక. పద్మావతికి నేను నేర్పుతున్న చదువు ఇప్పుడిప్పుడే గుణింతాల దాకా వచ్చింది. అత్తగారికి ఉత్తరాలు వినడమంటే ప్రాణం. పోయిన ఏడు కాలం చేసిన వాళ్లన్నయ్య ఏడుకొండలు గారి ఆఖరి ఉత్తరం ఇప్పటికీ నెలకోసారి పెట్టెలోంచి తీసి నాచేత చదివించుకుంటారు. "చెల్లాయి చేతి పనసపొట్టు కూర మళ్లీ ఒకసారి తినాలని ఉంది" అన్న చోట కళ్లు తుడుచుకుంటారు. అలాంటి మనిషి ముందు చదవాలి. చూసి రాయి.

నీ అక్క
రావమ్మ

బెంగుళూరు,
1946 నవంబరు 19

అక్కయ్యకు, బావగారికి, అత్తయ్యగారికి మల్లేశ్వరరావు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి గుండె ఆగినంత పనైంది. ఇంజను ఆయిలా! అతను కొట్టు పెట్టుకున్నది బండ్లు బాగు చెయ్యడానికా, మనుషుల్ని చంపడానికా? ఇది బావగారికి నెమ్మదిగా చదివి వినిపించు. బ్రేకు తొక్కితే నూనె సన్నని గొట్టాల్లోంచి నాలుగు చక్రాల దగ్గరికీ వెళ్లి అక్కడున్న రబ్బరు బిళ్లల్ని నెడుతుంది. ఆ నెట్టుడుకే చక్రం ఆగుతుంది. ఇంజను ఆయిలు, కిరసనాయిలు, మగ్గం నూనె, ఇవి తగిలితే రబ్బరు గారెలాగా ఉబ్బిపోతుంది. నమ్మకం లేకపోతే ఒక రబ్బరు ముక్కను ఇంజను ఆయిల్లో, ఇంకొకదాన్ని ఆముదంలో వేసి నాలుగు రోజులు ఉంచి చూడండి.

రబ్బరుకు పడేది ఆముదమే. డబ్బాలో వచ్చే నూనెకూ ఆముదమే ఆధారం. ఇంటిదైనా సరే, తడి లేకుండా కాచి పలచని గుడ్డలో వడకట్టండి. పాళ్లు ఇవి: సగం ఆముదం, సగం స్పిరిట్. స్పిరిట్ అంటే సారాలాంటిదే, మందుల షాపులో అమ్ముతారు. రెండూ బాగా కలిపి పోయాలి. ఒట్టి ఆముదం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో పోయవద్దు. చలి పొద్దున అది చిక్కబడి గొట్టాల్లో కదలదు. తొక్కిన బ్రేకు వెనక్కి రాదు. చక్రాలు పట్టేసి కాగిపోతాయి, తీరా అవసరం పడ్డప్పుడు బ్రేకు పడదు. ఇది మనుషుల ప్రాణాలతో పని.

లాజరు బర్మాలో తోలినవాడైతే మిగతాదంతా అతనికే తెలుస్తుంది.

అత్తయ్యగారితో చెప్పు, ఈ బారక్సులో నన్ను అందరూ "పాలబ్బాయి" అని ఏడిపిస్తారు. అంతకన్నా సాక్ష్యం నా దగ్గర లేదు. పద్మావతి గుణింతాలు ఎంతదాకా వచ్చాయో రాయి.

నీ తమ్ముడు
మల్లేశ్వరరావు

పెడన,
1946 నవంబరు 30

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు.

నీ ఉత్తరం వచ్చిన రోజు మా వసారా చూడాల్సింది. మగ్గాలన్నీ ఆపుకుని వీధి వీధంతా వచ్చి కూర్చుంది. రబ్బరు గారెలాగా ఉబ్బుతుందన్న చోట మీ బావగారు ఉలిక్కిపడి "చూశారా, పోసి ఉంటే ఏమయ్యేదో" అన్నారు. ఆముదం అన్న మాట నా నోట్లోంచి రాగానే అత్తగారు లేచి నిలబడ్డారు. "చూశావటే, మిలటరీలో ఉన్నా అల్లుడికి మనింటి ఆముదం గుర్తుంది!" అన్నారు. అల్లుడు అన్నారురా! నా చెవులను నేనే నమ్మలేకపోయాను. పద్మావతి లోపలికి పారిపోయింది.

ఆ పూటే తన కుండ తీసి, తడి లేకుండా కాచి, కొత్త చీర అంచు చింపి మరీ వడకట్టారు. లాజరు ఏదో గొణిగాడు గాని మీ బావగారు సర్దిచెప్పారు. నువ్వు చెప్పినట్టే అంతా జరిగింది. పొద్దున్నపూట బ్రేకు కాస్త బిగుతుగా ఉంటున్నదట, ఎండెక్కితే సర్దుకుంటున్నదట.

ముహూర్తం మాఘమాసంలో చూద్దామని అత్తగారు పంతులుగారితో అనడం విన్నాను. పద్మావతి "క" గుణింతం తప్పు లేకుండా రాస్తున్నది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదువుతుంది, వేలు ఎత్తితే అక్షరం పారిపోతుందన్నట్టు.

అక్క
రావమ్మ

బెంగుళూరు,
1946 డిసెంబరు 10

అక్కయ్యకు నమస్కారాలు.

పది రోజులు పూనా వెళ్లి వచ్చాను, జవాబు ఆలస్యమైంది. బ్రేకు పొద్దున బిగుతుగా ఉండకూడదే! కలిపిన పాళ్లలో ఆముదం ఎక్కువై ఉంటుంది. ఇంకాస్త స్పిరిట్ పొయ్యమని లాజరుతో చెప్పండి. ఈ చలి రోజుల్లో అశ్రద్ధ వద్దు, ఈ ఉత్తరం అందిన రోజే చెయ్యండి.

మాఘమాసం మాట చదివి నేను ఆ రోజు నట్లు బిగించే పానాలు అటువి ఇటు, ఇటువి అటు పెట్టాను. ఆఫీసరు తిట్టాడు. తిట్టనీ.

తమ్ముడు
మల్లేశ్వరరావు

పెడన,
1946 డిసెంబరు 15

మల్లేశ్వరరావుకు అక్క రాస్తున్నది.

కంగారు పడకు, మీ బావగారు బతికే ఉన్నారు. నీ ఉత్తరం, బండి కాలువలో పడ్డ కబురు నిన్న ఒకే గంటలో వచ్చాయి.

నిన్న తెల్లారి మంచులో బయల్దేరారు. మూటల్లో పద్మావతి పెళ్లికని నేయించిన చీర కూడా ఉంది, బెజవాడలో జరీ అంచు చూపిద్దామని. పామర్రు దాటినప్పటినుంచీ చక్రాల దగ్గర కాలిన వాసన వస్తూనే ఉందట. కంకిపాడు దగ్గర కాలువగట్టు మీద ఎదురుగా ఎడ్లబండి, నిండా వరికోతలకు పోయే ఆడవాళ్లు. లాజరు బ్రేకు తొక్కితే పెడలు కిందిదాకా దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. అతను చక్రం తిప్పి బండిని కాలువలోకి దించేశాడు. ఆడవాళ్లలో ఒక్కరికీ గీత పడలేదు. మీ బావగారికి నుదురు చిట్లింది. లాజరుకు కాలు రెండు చోట్ల విరిగింది, బెజవాడ ఆసుపత్రిలో వేశారు. మూటలన్నీ విడిపోయి కాలువ నీళ్లు ఎర్రగా, పచ్చగా పారాయని చూసినవాళ్లు చెప్పారు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి. పోలీసులు బండి పైకి లాగితే ఒకటే సారా వాసన. సీటు కింద పగిలిన స్పిరిట్ సీసా దొరికింది. లాజరు తాగి తోలాడని కేసు రాశారు. లైసెన్సు పోతుంది, జైలు కూడా తప్పదంటున్నారు. చర్చికి వెళ్లే మనిషి ఇంత పని చేశాడా అని వీధంతా చెవులు కొరుక్కుంటోంది.

ఏం తోచడం లేదు.

అక్క

(పోస్టు కార్డు)

బెంగుళూరు, 1946 డిసెంబరు 18

బావగారికి నమస్కారాలు. కబురు విని ఇంకా తేరుకోలేదు. మీరు దక్కారు, అదే పదివేలు. నేను రాసిన ప్రకారం చేసి ఉంటే ఆ బ్రేకు పోయే ప్రసక్తే లేదు, మిలటరీలో మూడేళ్లుగా చేస్తున్నవాణ్ణి గనక చెబుతున్నాను. తప్పు ముమ్మాటికీ డ్రైవరుదే. వాణ్ణి వదలవద్దు. కావాలంటే పోలీసులకు ఈ కార్డు చూపించండి. మల్లేశ్వరరావు.

పెడన,
1946 డిసెంబరు 24

తమ్ముడూ,

ఈ ఉత్తరం నువ్వొక్కడివే చదువు. చదివాక నన్ను అక్క అని పిలవాలో లేదో నువ్వే తేల్చుకో.

నీ కార్డు నా చేతికి రాలేదు. కార్డంటే అందరిదీ గదా. పోస్టుమాను వీధి మొదట్లోనే చదువుకుంటూ వచ్చి, మా గుమ్మంలో నిలబడి "మీ బావమరిది డ్రైవరుదే తప్పని రాశారండీ" అని గట్టిగా చెప్పాడు. మీ బావగారు దాన్ని జేబులో పెట్టుకుని తిన్నగా కంకిపాడు స్టేషనుకు వెళ్లారు. నేను ఆపలేదు. ఆపాల్సిన మనిషిని నేనొక్కదాన్నే.

నిన్న లాజరు భార్య తెరేసమ్మ పెరటి వైపు నుంచి వచ్చింది. ఏడవలేదు. అరుగు కిందే నిలబడి అంది: "అమ్మగారూ, ఆయన ఒక్క మాట అడిగి రమ్మన్నారండి. మీ తమ్ముడుగారి ఉత్తరంలో స్పిరిట్ అన్న మాట ఉందాండీ? ఉందంటే చాలన్నారండి. లేదంటే బర్మాలో నేర్చుకున్నది తనే మర్చిపోయాననుకుని గమ్మున జైలుకు పోతానన్నారండి."

నేను "గుర్తులేదు తెరేసమ్మా" అన్నాను.

ఉంది. సగం ఆముదం, సగం స్పిరిట్, సారాలాంటిది. నా కళ్లు ఆ మాట మీద పడేసరికి ఎదురుగా అత్తగారు ఉన్నారు. అప్పుడే అల్లుడు అన్నారు. నా తమ్ముడి ఉత్తరంలోంచి సారా అన్న మాట నా నోటితో ఈ వసారాలో ఎలా చదవను? "సగం ఆముదం ఇవాళ, సగం ఎల్లుండి పోయమన్నాడు" అని చదివేసి, కింది వరుసలన్నీ దాటి పాలబ్బాయి దగ్గరికి వెళ్లిపోయాను. అందరూ నవ్వారు. ఒట్టి ఆముదం వద్దని నువ్వు రాసిన వరుసలు తర్వాత పెట్టెలో పెట్టేటప్పుడు చూశాను. నాలుగు రోజుల్లో డబ్బా నూనె దొరుకుతుందిలే, ఏం కాదులే అనుకున్నాను. ప్రాణాలతో పని అని రాశావు. అదీ చదివాను.

లాజరు ఆ రోజే చెప్పాడు. "అయ్యగారూ, ఒట్టి ఆముదం కాదండీ, స్పిరిట్ కలపాలండి" అన్నాడు. మీ బావగారు "మా బావమరిది రాయనిది నువ్వు చెబుతావా? ఆ స్పిరిట్ బ్రేకుకా, నీకా?" అన్నారు. వీధంతా మళ్లీ నవ్వింది. నేను కూడా నవ్వాను. తెరేసమ్మ చెప్పింది, అతను ప్రమాదానికి ముందు రోజే తన జీతంలోంచి ఆ సీసా కొనుక్కున్నాడట, పెడనలో పోస్తే తిడతారని బెజవాడలో మూటలు దింపాక పోద్దామనుకున్నాడట. మంచు కురిసే పొద్దున అక్కడిదాకా వెళ్లలేకపోయాడు.

ఇవాళ క్రిస్మస్ ముందు రోజు. వాళ్ల పేటలో నక్షత్రం దీపం కట్టారు, లాజరు ఇంటికి మాత్రం కట్టలేదు.

నేను నోరు విప్పితే నీ పెళ్లి పోతుంది, ఈ ఇంట్లో నా మాటకు విలువ పోతుంది. విప్పకపోతే అతను పోతాడు. ఏం చెయ్యను?

రావమ్మ

బెంగుళూరు,
1946 డిసెంబరు 29

అక్కయ్యా,

నీ ఉత్తరం వర్క్‌షాపులో నిలబడి చదివాను.

నువ్వు నాలుగు వరుసలు దాటావు. నేను కనీసం ఒక ప్రశ్న కూడా అడగకుండా, నాలాగే చేతులకు నూనె పూసుకుని బతికేవాణ్ణి తాగుబోతుని చేసి కార్డు మీద రాశాను. స్పిరిట్ సీసా ఉందంటే ఎందుకుందో లోకంలో మొదట తట్టాల్సింది నాకు. నాకే తట్టలేదు. సీసా అనగానే తాగుడే అనుకున్నాను. అత్తయ్యగారు నా గురించి అనుకున్నట్టే నేనూ అతని గురించి అనుకున్నాను.

సబ్ఇన్‌స్పెక్టరుకు ఇవాళే రిజిస్టరు ఉత్తరం రాశాను. కానీ ఇప్పుడు రాసింది ఎవరైనా రాస్తారంటాడు. పనికొచ్చేది నవంబరు పంతొమ్మిది నాటి ఉత్తరమే, దాని కవరు మీద పోస్టు ముద్ర ఉంది. అది నీ పెట్టెలో ఉంది.

తియ్యి. మగ్గాలు ఆగాక అదే చోట కూర్చుని మొదటి నుంచి చివరిదాకా చదువు. నా పెళ్లి సంగతి నువ్వు ఆలోచించకు.

నిన్ను ఏమని పిలవాలో తేల్చుకోవడానికి ఏముంది.

నీ తమ్ముడు
మల్లేశ్వరరావు

పెడన,
1947 జనవరి 8

చిరంజీవి మల్లేశ్వరరావును దీవించి అక్క రాస్తున్నది.

చదివాను. ఉత్తరం వచ్చిందనుకుని ఎప్పటిలాగే అందరూ వచ్చారు. "ఇది కొత్తది కాదు, పాతదే. అప్పుడు సగమే చదివాను" అని చెప్పి మొదలుపెట్టాను. స్పిరిట్ దగ్గర ఆగి, మంచినీళ్లు తాగి మళ్లీ ఆ వాక్యం మొదటినుంచి చదివాను. ప్రాణాలతో పని అన్న వరుస కూడా చదివాను. మీ బావగారు నావైపు చూడలేదు. "లాజరును పదిమందిలో నవ్వులపాలు చేశాను గదే" అని, తలపాగా కూడా చుట్టుకోకుండా వీధిలోకి నడిచారు. అత్తగారు లేచి లోపలికి వెళ్లారు. తిట్టినా బాగుండుననిపించింది.

మర్నాడు ఇద్దరం కంకిపాడు వెళ్లాం. సబ్ఇన్‌స్పెక్టరు కవరు మీద ముద్ర వెలుతురుకు పట్టి చూశాడు, లోపల చదివాడు, మీ బావగారి నోటితో జరిగిందంతా రాసుకున్నాడు. తాగుడు కేసు కొట్టేస్తామన్నాడు. లైసెన్సు పోదు. ఉత్తరం తన దగ్గర ఉంచుకుంటానంటే, ఒక్క పూట ఇవ్వండి, ఒకరికి చదివి వినిపించి తెచ్చిస్తానని బతిమాలాను. కానిస్టేబుల్‌ను తోడిచ్చి పంపాడు.

ఆసుపత్రిలో లాజరు కాలికి చెక్కలు కట్టి ఉన్నాయి. మీ బావగారు మంచం పక్కన నిలబడి "తప్పు నాది లాజరూ" అన్నారు. అతను లేవబోయాడు, లేవలేకపోయాడు. నేను నేల మీద కూర్చుని చదివాను. సగం ఆముదం, సగం స్పిరిట్ అన్న చోటికి రాగానే "ఆ లైను ఇంకోసారి చదవండమ్మగారూ" అన్నాడు. చదివాను. "మా తెరేసమ్మ బయట ఉందండి, అది వచ్చాక ఇంకోసారండి" అన్నాడు. ఆమె వచ్చాక చదివాను. పక్క మంచాలవాళ్లు కూడా విన్నారు. అతను కళ్లు మూసుకుని "నేను మర్చిపోలేదు" అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

నీ పెళ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తడం లేదు.

ఇంకొకటి రాయాలి. నిన్న మగ్గాలు ఆగాక అత్తగారు పెట్టెలోంచి వాళ్లన్నయ్య ఆఖరి ఉత్తరం తీశారు. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాచాను. ఆవిడ నన్ను దాటి వెళ్లి పద్మావతి ఒళ్లో పెట్టారు. "వచ్చినంతలో చదువు. ఏదీ వదలకు, ఏదీ కలపకు" అన్నారు. ఈ నెలలోనే ఒత్తుల దాకా వచ్చిన పద్మావతి వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. రెండు పేజీలకు గంట పట్టింది. నేను గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. పనసపొట్టు కూర ఎక్కడో చివరలో వస్తుందని ఎదురుచూస్తున్నాను. సంతకం వచ్చేసింది.

ఆ మాట లేదు, తమ్ముడూ. అందులో దగ్గూ జ్వరమూ డాక్టరూ తప్ప చెల్లెలి పేరే లేదు. మొదటిసారి చదివిన రోజు ఆవిడ మొహం చూసి నేనే కలిపి ఉంటాను. ఒట్టేసి చెబుతున్నాను, కలిపినట్టు నాకు గుర్తు లేదు. ఏడాదిపాటు నిజంగా ఉందనుకునే చదివాను.

అత్తగారు ఆ కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారు. తర్వాత పద్మావతితో "చివర ఇంకోసారి చదువు" అన్నారు.

అక్క